నీళ్లు ఎవరు పోసినా జ్ఞానస్నానమే

కతోలిక శ్రీసభ ఏడు సంస్కారాల విషయంలో పాటించే 'చెల్లుతుంది, చెల్లదు' అన్న లెక్క పైకి కోర్టు వ్యవహారంలా కనిపిస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల క్రైస్తవ జీవితంలో పెట్టి చూస్తే ఆ లెక్క ఎవరి పక్షమో తెలుస్తుంది.

విజయవాడ రహదారి మీద సూర్యాపేట దాటి కోదాడ వైపు పోతుంటే క్రీస్తు పేరు మీద వెలసిన కట్టడాలు ఎన్నో కనిపిస్తాయి. మరియమాత గుహ ముందు కొవ్వొత్తులు వెలిగే కతోలిక దేవాలయం ఒకటి, బాప్టిస్టు మందిరం ఒకటి, రేకుల షెడ్డుకు ఫ్లెక్సీ కట్టుకున్న ప్రార్థన మందిరం మరొకటి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు తిరిగినా ఇదే వరస. బయటివాళ్లకు అన్నీ చర్చిలే. లోపలివాళ్లకు మాత్రం దేని దారి దానిదే. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు బస్సెక్కే నాయనమ్మ, ఆదివారం బాప్టిస్టు మందిరానికి పోయే కోడలు, పట్నంలో చదువుకుంటూ పెంతెకొస్తు కూడికలకు అలవాటుపడ్డ మనవడు ఒకే ఇంట్లో ఉండటం ఇక్కడ వింత కాదు. సంబంధం కుదిరినప్పుడో, బిడ్డ పుట్టినప్పుడో ఆ ఇంట్లో ఒక ప్రశ్న లేస్తుంది: అప్పుడు అక్కడ తీసుకున్న స్నానం ఇక్కడ చెల్లుతుందా, మళ్లీ తీసుకోవాలా?

ఈ ప్రశ్నకు రెండు జవాబులు వేర్వేరు దారుల్లో ఈ నేలకు చేరాయి. రష్యా సామ్రాజ్యంలోని మెన్నొనైట్ బ్రదరన్ సంఘాలకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున నల్లగొండకు వచ్చాడు. ఆయన తర్వాత వచ్చిన తోటివాళ్లు సూర్యాపేటలో మిషన్ కేంద్రం తెరిచారు. వాళ్ల విశ్వాసానికి మూలపురుషులు 16వ శతాబ్దపు ఐరోపాలో పసివాళ్లకిచ్చే స్నానం చెల్లదని, తెలిసి విశ్వసించినవాడే తీసుకోవాలని పట్టుబట్టి ప్రాణాలు పోగొట్టుకున్న అనాబాప్టిస్టులు. ఇటు హైదరాబాద్ రాజ్యంలో కతోలిక మిషన్‌ను చాలాకాలం నడిపినవాళ్లు ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చిన పీమే సంస్థ గురువులు. 1976లో ఏర్పడ్డ నల్లగొండ మేత్రాసనానికి (డయోసిస్‌కు) తొలి మేత్రాణులు (బిషప్) మాథ్యూ చెరియన్‌కున్నేల్ కూడా ఆ సంస్థవారే. వీళ్లు తెచ్చిన బోధ ప్రకారం జ్ఞానస్నానం పసివాడికైనా చెల్లుతుంది, ఒక్కసారే చెల్లుతుంది, మళ్లీ ఇవ్వడం కుదరదు. ఐరోపాలో ఐదు వందల ఏళ్ల కింద రాజుకున్న తగవు ఇలా మూసీ, కృష్ణల నడుమ పల్లెల్లోకి వచ్చి, ఇప్పటికీ పెళ్లి మాటల దగ్గర తలెత్తుతూనే ఉంది.

కతోలిక సంస్కార బోధ అంటే చాలామందికి గుర్తొచ్చేది పదాల చిట్టా. పాత తరం దేవద్రవ్యానుమానాలు అని పిలిచిన ఏడు సంస్కారాలు: జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, అవస్థాభ్యంగనం, గురుపట్టం, జ్ఞానవివాహం. వాటికి వస్తువు ఏది, వాక్యం ఏది, ఇచ్చేవాడెవరు, అతని ఉద్దేశం ఏమిటి, పడే ముద్ర ఎలాంటిది, చెల్లిందా లేదా అన్న విచారణ. దేవుడికీ మనిషికీ మధ్య ఇన్ని షరతులా అని ప్రొటెస్టెంటు సోదరులు అడుగుతారు. చదువుకున్న కతోలికులకే ఇది విసుగు. అయితే ఈ లెక్క సంస్కారం ఇచ్చేవాడి చేతికి అధికారంగా కాక, పుచ్చుకునేవాడి చేతికి హామీగా పుట్టిందని చరిత్ర చెబుతుంది. ఆ హామీ అక్కరకొచ్చేది ముఖ్యంగా బీదవాడికి, బలహీనుడికి. దాన్ని అధికారంగా మార్చుకున్న ప్రతిచోటా, మార్చినది శ్రీసభ అయినా రాజ్యమైనా, కీడే జరిగింది.

ద్రోహి చేతి నీళ్లు

అసలు తగవు ఉత్తర ఆఫ్రికాలో మొదలైంది. 303లో డయొక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల మీద హింసకు దిగినప్పుడు కొందరు గురువులు, మేత్రాణులు భయపడి పవిత్ర గ్రంథాలను అధికారులకు అప్పగించారు. హింస సద్దుమణిగాక, అలాంటి ద్రోహులిచ్చిన సంస్కారాలు చెల్లవని దొనాతిస్టులు వాదించారు. చేయి మైలపడితే ఆ చేతిలోని నీళ్లూ మైలపడ్డట్టే అన్నది వాళ్ల లెక్క. వినడానికి ఇది ఎంతో పవిత్రమైన వాదన. కానీ దాని భారమంతా మోయాల్సింది సామాన్య విశ్వాసి. తనకు స్నానమిచ్చిన గురువు రహస్యంగా ఏం చేశాడో, ఆ గురువుకు పట్టమిచ్చిన మేత్రాణి ఎలాంటివాడో అతనెక్కడ తెలుసుకోగలడు? 354 నుంచి 430 వరకు జీవించిన మేత్రాణి అగుస్తీను ఈ వాదనను ఎదిరించాడు. ద్రోహి అయిన యూదా చేతుల మీదుగా ఇచ్చినా సంస్కారం క్రీస్తుదే, ఎందుకంటే ఇచ్చేవాడు నిజానికి క్రీస్తే అన్నది ఆయన నిర్ణయం. రాతి కాలువలో పారే నీరు రాతిని తడిపి పోయినా, మొక్కలకు చేరాక ఫలమిస్తుందని ఆయన ఒక పోలిక చెప్పాడు. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. నీళ్లు వదిలే లష్కరు మంచివాడా, తాగుబోతా అని నీరు విచారించదు. తూము లేస్తే చివరి మడి దాకా పారుతుంది.

ఈ ఆలోచనకే తర్వాతి కాలం సూత్ర రూపం ఇచ్చింది. సంస్కారం ఫలించేది దాన్ని జరిపే గురువు పుణ్యం వల్ల కాదు, జరిగిన ఆ కార్యం వల్లనే. లాటిన్‌లో దీన్నే 'ఎక్స్ ఓపెరె ఓపెరాతో' అంటారు. 1439లో ఫ్లోరెన్స్ మహాసభ సంస్కారానికి మూడు కావాలని చెప్పింది: తగిన వస్తువు, తగిన వాక్యం, శ్రీసభ చేసేది చేయాలన్న ఉద్దేశం ఉన్న మనిషి. 1547లో ట్రెంట్ మహాసభ సంస్కారాలు ఏడేనని స్థిరపరిచింది. ఘోరపాపంలో ఉన్న గురువు జరిపినా సంస్కారం సంస్కారమేనని, శ్రీసభకు వెలుపలివాళ్లు సరైన ఉద్దేశంతో త్రిత్వ నామాన ఇచ్చిన జ్ఞానస్నానం కూడా చెల్లుతుందని అదే సభ తీర్మానించింది. ప్రొటెస్టెంటు ఉద్యమంతో పోరు ముదిరిన కాలంలోనే శ్రీసభ ఆ ప్రత్యర్థుల స్నానాన్ని ఒప్పుకుంది. సంస్కారం తన సొత్తు కాదని, తాను దానికి కాపలా మాత్రమేనని అనుకునే సంస్థే ఆ మాట అనగలదు.

ఇప్పుడు సూర్యాపేట ఇంట్లోని ప్రశ్నకు వద్దాం. బాప్టిస్టు మందిరంలో నీళ్లలో మునిగి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామాన స్నానం పొందిన అమ్మాయి కతోలిక అబ్బాయిని పెళ్లాడి, ఆ సంఘంలో చేరాలనుకుంటే మళ్లీ స్నానం ఇవ్వరు. శ్రీసభ నియమావళి అయిన కానన్ చట్టం 869 ప్రకారం అనుమానించడానికి గట్టి కారణం ఉంటే తప్ప షరతుతో కూడా ఇవ్వకూడదు. 'యేసు నామం' మాత్రమే పలికి ఇచ్చే కొన్ని సంఘాల స్నానాన్ని ఒప్పుకోరు. ఎదుటి దిక్కు నుంచి చూస్తే సంగతి వేరు. పసితనంలో కతోలిక దేవాలయంలో నుదుట మూడుసార్లు నీళ్లు పోయించుకున్నవాడు బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో చేరితే చాలాచోట్ల మళ్లీ మునగాల్సిందే. సొంత నిర్ణయం లేని స్నానం స్నానమే కాదన్నది వాళ్ల నిష్ఠ, దానికి గౌరవించదగ్గ చరిత్ర ఉంది. కానీ ఆచరణలో ఒక చిక్కు వస్తుంది. సంఘం చీలినప్పుడో, పాస్టరు మీద అపవాదు వచ్చినప్పుడో కొత్త పాస్టరు పాత స్నానాన్ని శంకించే అవకాశం మిగిలి ఉంటుంది. రెండుసార్లు, మూడుసార్లు మునిగినవాళ్లు అందుకే కనిపిస్తారు. కతోలిక నియమం ఆ శంకకు తలుపు మూసేసింది.

గురువుకు రక్షణా, విశ్వాసికా?

ఇక్కడే గట్టి ఆక్షేపణ ఒకటి ఎదురవుతుంది. గురువు ఎలాంటివాడైనా సంస్కారం చెల్లుతుందంటే చెడ్డ గురువులకు గొడుగు పట్టినట్టు కాదా? లైంగిక దోపిడీ ఉదంతాలు దేశదేశాల్లో బయటపడ్డాక ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయలేం. సూత్రం రక్షించేది సంస్కారాన్ని. దాన్ని జరిపిన మనిషిని కాదు. చెల్లుబాటు ఒకటి, నియమబద్ధత మరొకటి అని కానన్ చట్టం విడదీసి చూస్తుంది. జరిపింది చెల్లినా, జరిపినవాడు దండనకు అర్హుడు కావచ్చు, గురుత్వ విధుల నుంచి అతణ్ని తొలగించనూ వచ్చు. ఫ్రాన్సిస్ పాపు 2021లో కానన్ చట్టంలోని శిక్షల భాగాన్ని తిరగరాయించినప్పుడు, మేత్రాణులు శిక్ష వేయడంలో చూపిన అలసత్వమే కారణమని దాచకుండా చెప్పారు. అంటే ఈ రెంటి మధ్య గీతను శ్రీసభ అధికారులే ఏళ్ల తరబడి చెరిపేశారు. గురువు గౌరవాన్ని సంస్కార గౌరవంతో ముడిపెట్టి మౌనం కొన్నారు. ఆ నేరానికి సూత్రాన్ని నిందించడం సరికాదు. సూత్రాన్ని అర్థం చేసుకున్న విశ్వాసి ఇంకా ధైర్యంగా ఫిర్యాదు చేయగలడు. ఫాదర్ మీద ఫిర్యాదు చేస్తే తన బిడ్డ స్నానానికో, తన పెళ్లికో మచ్చ వస్తుందన్న భయం అతనికి ఉండదు.

రెండో ఆక్షేపణ లూథరు కాలం నాటిది. మాట పలికి, నీళ్లు పోస్తే పని జరిగిపోతుందంటే అది మంత్రతంత్రమే కదా, విశ్వాసం సంగతేమిటి? దీనికి జవాబు అదే బోధలో ఉంది. చెల్లడం వేరు, ఫలించడం వేరు. వరప్రసాదం ఇవ్వజూపడంలో దేవుడి వైపు లోటు ఉండదు. దాన్ని అందుకోవడం మాత్రం పుచ్చుకునేవాడి మనసు సిద్ధపడటాన్ని బట్టి ఉంటుంది. పాపసంకీర్తనంలో పశ్చాత్తాపం లేకుండా పాపాల పట్టీ అప్పజెప్పితే గురువు విమోచన వాక్యం పలికినా లాభం లేదు. సత్ప్రసాదం నాలుక మీద పెట్టించుకున్నంత మాత్రాన పగ పోదు. చిన్నప్పుడు ఉపదేశి దగ్గర జపాలతో పాటు నేర్చుకున్న ఈ తేడాను పెద్దయ్యాక చాలామంది మరిచిపోతారన్నది నిజమే. పండుగకు పూజ చూసి ఏడాదికి సరిపెట్టుకునే అలవాటు సూత్రాన్ని మంత్రంగా దిగజారుస్తుంది. ఆ తప్పు పాటించేవాళ్లది. మనిషి సిద్ధపడకపోతే ఫలితం ఉండదని సూత్రమే చెబుతున్నప్పుడు, దాన్ని యాంత్రికం అనడం సగం చదివి తీర్పు చెప్పడమే.

ఒక్క మాట తేడా

అన్నిటికంటే పదునైన ఆక్షేపణ ఇటీవలి సంఘటనల నుంచి వచ్చింది. జ్ఞానస్నానంలో 'నేను' అనాల్సినచోట 'మేము' అన్న గురువుల స్నానాలు చెల్లవని 2020 ఆగస్టులో వాటికన్ ప్రకటించింది. అది విని అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక యువ గురువు తన పసితనపు వీడియో తీసి చూసుకున్నాడు. తనకు స్నానమిచ్చినాయన 'మేము' అన్నాడు. అంటే అతనికి జ్ఞానస్నానమే జరగలేదు, దాని మీద నిలిచిన గురుపట్టమూ చెల్లలేదు. స్నానం, అభ్యంగనం, పట్టం అన్నీ మళ్లీ పొందాల్సి వచ్చింది. 2022లో ఫీనిక్స్ మేత్రాసనంలో ఒక గురువు ఏళ్ల తరబడి ఇదే తప్పు చేశాడని తేలి, వేలాదిమంది స్నానాలు ప్రశ్నలో పడ్డాయి. ఒక సర్వనామం కోసం ఇంతమందిని ఇబ్బంది పెట్టే లెక్క బలహీనుడి పక్షమని ఎలా అనగలం?

ఆ 'మేము' వెనకున్న ఆలోచన మంచిదే. తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు, సంఘమంతా కలిసి బిడ్డను స్వీకరిస్తున్నారన్న భావం అది. కానీ దాంతో ఇచ్చేది ఎవరన్నది మారిపోతుంది. ఇచ్చేవాడు క్రీస్తు, గురువు ఆయన నోరు మాత్రమే అన్నది పోయి, ఇచ్చేది సంఘం అవుతుంది. సంఘం ఇచ్చినదాన్ని రేపు సంఘం వెనక్కు తీసుకోనూ వచ్చు. ఊళ్లో కులపెద్దలు వెలివేసిన కుటుంబాలను చూసినవాళ్లకు ఈ ప్రమాదం ఊహ కాదు. గురువు తనకు నచ్చినట్టు వాక్యం మార్చడమంటే తనది కాని దాన్ని తనదిగా వాడుకోవడమే. సంస్కారాల చెల్లుబాటు మీద వాటికన్ 2024 ఫిబ్రవరిలో వెలువరించిన పత్రం నొక్కి చెప్పిందీ అదే. ఇక తెలియక నష్టపోయినవాళ్ల మాట. దేవుడు రక్షణను జ్ఞానస్నానంతో ముడిపెట్టినా, తాను మాత్రం తన సంస్కారాలకు బందీ కాడని 1992 నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథం స్పష్టంగా చెబుతుంది. చెల్లని స్నానం పొందినవాళ్లు నరకానికి పోతారన్న భయానికి ఈ బోధలో చోటు లేదు.

వస్తువు విషయంలో కూడా ఇదే పట్టుదల, ఇదే సడలింపు కనిపిస్తాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరు. చుట్టుపక్కల పొలాలన్నీ వరే. అయినా పీఠం మీద బియ్యప్పిండి రొట్టె చెల్లదు. కానన్ చట్టం 924 ప్రకారం గోధుమ రొట్టె, ద్రాక్షరసం మాత్రమే వాడాలి. గోధుమలోని గ్లూటెన్‌ను పూర్తిగా తీసేసిన రొట్టె కూడా పనికిరాదని 2017లో వాటికన్ మరోసారి గుర్తుచేసింది. వరి తినే జనానికి పరాయి దేశపు గోధుమ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. భారతీయ వేదాంతుల్లో చాలామంది అడిగారు కూడా. శ్రీసభ జవాబు ఒకటే: కడరా భోజనం నాడు క్రీస్తు చేతిలోకి తీసుకున్నది ఏదో దాన్ని మార్చే అధికారం తనకు లేదు. అధికారం ఉన్నచోట మాత్రం మార్చింది. రోగుల అభ్యంగనానికి ఒలీవ నూనె దొరకని ప్రాంతాల్లో ఏ మొక్క నూనె అయినా వాడొచ్చని ఆరో పౌలు పాపు 1972లో అనుమతించారు. చావు అంచున మాత్రమే ఇస్తారన్న భయంతో అవస్థాభ్యంగనం పేరెత్తితేనే ఇంటిల్లిపాదీ ఏడ్చే రోజుల నుంచి, జబ్బు ముదురుతుండగానే పొందొచ్చన్న దశకు రెండో వాటికన్ మహాసభ తీసుకొచ్చింది. 1969లో భారతదేశానికి ఇచ్చిన అనుమతులతో హారతి, నేల మీద కూర్చోవడం లాంటివి పూజలోకి వచ్చాయి. దేన్ని ముట్టుకోకూడదో ముందు తేలితేనే మిగతాది ధైర్యంగా మార్చుకోగలం. గోధుమ రొట్టె విషయంలో ఈ జవాబు అందరినీ ఒప్పించకపోవచ్చు. కానీ నియమం అందరికీ ఒకటే. రోమ్‌లో పాపుగారి పూజకూ, మఠంపల్లి శుభవార్త చర్చి పూజకూ అదే రొట్టె.

పెళ్లి చేసేది ఎవరు?

జ్ఞానవివాహంలో ఈ హామీ మరింత బలంగా కనిపిస్తుంది. పెళ్లి చేసేది ఫాదరని అందరూ అనుకుంటారు. లాటిన్ సంప్రదాయ బోధ ప్రకారం సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. గురువు శ్రీసభ తరఫున నిలిచి వాళ్ల సమ్మతిని అడిగి స్వీకరించే సాక్షి. సమ్మతే పెళ్లిని నిలబెడుతుంది. దాన్ని లోకంలో ఏ శక్తీ మరొకరి తరఫున ఇవ్వలేదు. బలవంతంతో, తప్పించుకోలేని భయంతో జరిగిన పెళ్లి చెల్లదని కానన్ చట్టం 1103 చెబుతుంది. తల్లిదండ్రులు ఒప్పుకోకపోయినా యుక్తవయస్కుల పెళ్లి చెల్లుతుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న ఒక దళిత క్రైస్తవ యువకుణ్ని గర్భిణి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఆ పెళ్లి దేవాలయంలో జరిగింది కాదు. కానీ ఇద్దరి సమ్మతి కంటే ఇంటి పరువు పెద్దదన్న నమ్మకం ఈ ప్రాంతంలో ఎంత లోతుగా ఉందో ఆ హత్య చూపింది. సమ్మతి లేనిదే పెళ్లి లేదన్న మాటను ఇక్కడి ప్రతి పీఠం మీద నుంచీ, పెళ్లి ప్రకటనలు చదివే ప్రతి ఆదివారం చెప్పాల్సిన అవసరం ఉంది.

ఇంటింటికీ ఎదురయ్యే తేడాలు కూడా తెలియాలి. కతోలికుడు స్నానం పొందిన బాప్టిస్టును పెళ్లాడాలంటే మేత్రాణుల అనుమతి కావాలి, ఆ పెళ్లి సంస్కారమే. హిందువును పెళ్లాడాలంటే మినహాయింపు కావాలి. ఆ పెళ్లి చెల్లుతుంది, సంస్కారం కాదు. మన దగ్గర సర్వసాధారణమైన మేనరికానికీ మినహాయింపు తప్పనిసరి. 'చెల్లని పెళ్లి' అన్న తీర్పు విడాకులకు మారుపేరని వెక్కిరించేవాళ్లున్నారు. విడాకులు ఉన్న పెళ్లిని తెంచుతాయి. మేత్రాసన న్యాయస్థానం మాత్రం మొదటి రోజున నిజమైన సమ్మతి ఉందా అని విచారిస్తుంది. 2015లో ఫ్రాన్సిస్ పాపు ఈ విచారణలో రెండో తీర్పు తప్పనిసరి అన్న నిబంధన తీసేసి, వీలైనంత వరకు ఖర్చు లేకుండా జరపాలన్నారు. అయితే ఈ తీర్పుకు దేశ చట్టంలో విలువ లేదు. చర్చి న్యాయస్థానం ఇచ్చిన రద్దు పౌర చట్టం ముందు చెల్లదని సుప్రీంకోర్టు 2017 జనవరిలో తేల్చింది. చర్చి కాగితం పట్టుకుని రెండో పెళ్లికి సిద్ధపడితే ద్విభార్యత్వం కేసు ఎదురవుతుంది. ఆ కాగితంతో పాటు సివిల్ కోర్టు ఉత్తర్వు కూడా ఉండాలి.

ముద్ర రాజ్యం చేతిలో పడితే

జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, గురుపట్టం ఆత్మ మీద చెరగని ముద్ర వేస్తాయని, అందుకే వాటిని మళ్లీ ఇవ్వరని శ్రీసభ బోధ. ఇంతవరకు హామీ అని చెప్పుకున్నది ఇక్కడ సంకెల కూడా కాగలదు. బొలోన్యాలో ఒక యూదు కుటుంబపు పసివాడికి జబ్బు చేసినప్పుడు పనిమనిషి రహస్యంగా స్నానమిచ్చింది. ప్రాణాపాయంలో ఎవరైనా ఇవ్వొచ్చు కాబట్టి అది చెల్లింది. చెల్లింది కాబట్టి బిడ్డ క్రైస్తవుడని, యూదుల ఇంట పెరగరాదని 1858లో పాపు రాజ్యపు పోలీసులు ఎత్తుకెళ్లారు. ఎద్గార్దో మొర్తారా అన్న ఆ పిల్లవాణ్ని తల్లిదండ్రులకు తిరిగి ఇవ్వనే లేదు. సూత్రం పేదవాడి పక్షమన్న వాదనకు ఇది ఎదురుసాక్ష్యం. దాన్ని తప్పించుకోకూడదు. బలహీనుడికి హామీగా పుట్టిన ముద్ర పోలీసు అధికారంతో కలవగానే బలహీనుడి మీదే ఆయుధమైంది. మామూలు పరిస్థితుల్లో తల్లిదండ్రుల్లో ఒకరైనా ఒప్పుకోనిదే పసివాడికి స్నానం ఇవ్వకూడదన్న నేటి నియమం మంచిదే. ప్రాణాపాయానికి ఇంకా మినహాయింపు ఉంచడం మాత్రం మొర్తారా పాఠాన్ని సగమే నేర్చుకోవడం.

మన దగ్గర ఆ ముద్రను చేతిలోకి తీసుకున్నది భారత రాజ్యం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు దక్కలేదు. తెలంగాణలో క్రైస్తవం పుచ్చుకున్న ఎస్సీలు బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ ఒకరికి ఎస్సీ ధ్రువపత్రం నిరాకరించినప్పుడు, పసితనంలోనే పొందిన జ్ఞానస్నానం ముఖ్య ఆధారాల్లో ఒకటైంది. ఈ భయంతోనే ఆదివారం చర్చిలో, కాగితం మీద హిందువుగా బతికే కుటుంబాలు ఉన్నాయి. వాళ్లను వంచకులనడం తేలిక. స్నానంతో కులవివక్ష ముగిసిపోయిందని రాజ్యం ఊహించుకుని, ఆ ఊహ మీద హక్కు తీసేసింది. ఇందులో పెద్ద వంచన ఏదో పాఠకులే తేల్చుకోవాలి. ఆత్మ మీద పడే ముద్రకు సామాజిక న్యాయంతో పని లేదు. స్నానం తీసుకున్న కారణంగా ఎవరి గుడిసె గోడలూ ఎత్తు పెరగవు.

రిజిస్టర్లో లేని గడి

రాజ్యాన్ని నిందించి శ్రీసభను వదిలేయడం కూడా సరికాదు. ప్రతి విచారణలో (పారిష్‌లో) జ్ఞానస్నాన రిజిస్టరు ఉంటుంది. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రులు, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి, స్నానమిచ్చిన గురువు, జరిగిన చోటు, తేదీ. తర్వాత పొందిన అభ్యంగనం, పెళ్లి, గురుపట్టం వివరాలు ఆ పేరు పక్కనే ఎక్కుతాయి. పెళ్లి ఏ ఊళ్లో జరిగినా ఆ సమాచారం స్నానం పొందిన విచారణకు తిరిగి రావాలి. అలా ఒక మనిషి విశ్వాస జీవితమంతా ఒక్క వరసలో ఇముడుతుంది. కానన్ చట్టం 877 ఆ రిజిస్టరులో రాయమన్న వివరాల్లో కులం లేదు. శ్రీసభ చేతిలో ఉన్న అతి గొప్ప సామాజిక ప్రకటన అదే. కానీ ఆ పుస్తకం మూసి బయటికి వస్తే కులం ఎదురుగా నిలబడుతుంది. తమ లోపల అంటరానితనం, వివక్ష ఉన్నాయని భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని దేశంలో తొలి దళిత కార్డినల్ అయ్యారు. అది సంతోషించాల్సిన రోజు. అంత ఆలస్యమెందుకైందని అడగాల్సిన రోజు కూడా.

సంస్కారాలు కులాన్ని చెరపలేకపోయాయి కాబట్టి వాటి బోధ వట్టిదన్న వాదన ఇక్కడే పుడుతుంది. చెల్లడం, ఫలించడం అన్న తేడా ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. ఒకే నీళ్లు, ఒకే రొట్టె పుచ్చుకున్నవాళ్లు వేరు వేరు బావుల దగ్గర నిలబడితే, సంస్కారం చెల్లలేదని కాదు, పుచ్చుకున్నవాళ్లు దానికి అడ్డుపడ్డారని అర్థం. ఈ బోధ ప్రకారం ఆ నేరం వాళ్ల మీద రుజువైనట్టే. మరి వివక్షను ఎత్తిచూపడానికి దళిత కతోలికుడికి ఇంతకంటే గట్టి కొలబద్ద ఏ సిద్ధాంతం ఇస్తుంది? అగ్రకులపు గురువు ఇచ్చిన స్నానానికీ, దళిత గురువు ఇచ్చిన స్నానానికీ వెంట్రుకవాసి తేడా లేదని 1,600 ఏళ్ల కిందటే తేలిపోయింది. ఆ తీర్మానాన్ని ఊరి దాకా తెచ్చుకోవడమే మిగిలింది.

కాబట్టి చెల్లుబాటు లెక్కను గురువుల పాఠశాలకు వదిలేయకుండా విశ్వాసులే నేర్చుకోవాలి. తగిన సమయంలో, తగిన సిద్ధపాటుతో అడిగినవాడికి, చట్టం అడ్డు లేనప్పుడు సంస్కారం నిరాకరించే హక్కు గురువుకు లేదని కానన్ చట్టం 843 చెబుతుంది. నిర్ణయించిన కానుకకు మించి అడగరాదని, బీదతనం వల్ల ఎవరికీ సంస్కారం అందకుండా పోరాదని 848 చెబుతుంది. పెళ్లికో, స్నానానికో అంతకు మించి అడిగితే ఈ రెండు అంకెలు గుర్తుచేయండి. మీ ఇంట్లో ఒకరు బాప్టిస్టు, ఒకరు కతోలిక అయితే, రెండోసారి మునగమని ఒత్తిడి చేసే ముందు మొదటి స్నానం ఎవరి నామాన జరిగిందో కనుక్కోండి. పిల్లల జ్ఞానస్నాన ధ్రువపత్రం ప్రతి ఒకటి విచారణ నుంచి తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. సివిల్ కోర్టు తీర్పు లేకుండా చర్చి రద్దు కాగితం నమ్ముకుని మరో పెళ్లికి పోకండి. హక్కులు పుస్తకాల్లో ఉన్నాయి. అడిగేవాళ్లు ఉంటేనే అవి ఊళ్లోకి వస్తాయి.